కట్ట కింద ఊట

మొన్న వారం రోజులు ఎడతెగని ముసురు పట్టింది. ఎనిమిదో రోజు కాస్త తెరిపి ఇవ్వగానే చెప్పులేసుకుని చెరువు కట్ట మీదికి నడకకు వెళ్లాను. మోకాళ్లు వద్దంటూనే ఉంటాయి. వాటి మాట వింటూ కూర్చుంటే మంచం దిగేది లేదు. ఇప్పుడు మా కట్ట మీద రంగురంగుల పలకలు పరిచారు, బెంచీలు వేశారు, వరసగా దీపాలు పెట్టారు. నడిచేవాళ్లంతా నీళ్ల వైపు చూస్తూ నడుస్తారు. నేను మాత్రం రెండో వైపు, కట్ట కిందికి చూస్తూ నడుస్తాను. మట్టి కట్ట బాగుందో లేదో పైన తెలియదు, అడుగున తెలుస్తుంది.

ఆ రోజు అడుగున ఒక అమ్మాయి ప్యాంటు పైకి మడుచుకుని గొంతుక్కూర్చుని ఉంది. మెడలో ఇరిగేషన్ ఆఫీసు గుర్తింపు కార్డు, చేతిలో సీసా. కట్ట పాదం దగ్గర సన్నగా ఊరుతున్న నీళ్లను సీసాలో పట్టి, వెలుతురుకు ఎత్తి చూస్తోంది. కింద వానకు జారుడుగా ఉన్నా మెల్లగా దిగి ఆమె దగ్గరికి వెళ్లాను.

"ఆంటీ, మీరు ఇక్కడివారేనా? ఇక్కడ నీళ్లు ఎప్పటి నుంచి ఊరుతున్నాయి?" అని అడిగింది.

"నేను పుట్టకముందు సంది" అన్నాను. "తేటగ వస్తే ఫికర్ చెయ్యకు బిడ్డా. మట్టి వస్తే మాత్రం ఇంటికి పోకు."

ఆ పిల్ల నవ్వింది. "మాకు కాలేజీలో ఇదే చెప్పారు. మీకెవరు చెప్పారు ఆంటీ?"

మా నాయనమ్మ అన్నాను. ఇంకా చెప్పవలసింది ఉంది గానీ, పనిలో ఉన్న పిల్లను నిలబెట్టి చెప్పేంత చిన్న కథ కాదది. ఇంటికి వచ్చి చాయ్ పెట్టుకుని కూర్చుంటే, ఆ కథంతా మొదటి నుంచి కళ్ల ముందుకు వచ్చింది.

మాది పాలవాళ్ల కుటుంబం. అసలు ఇల్లు పాతబస్తీలో, గౌలిపురలో. అక్కడి గల్లీలో బర్రెలకు చోటు చాలక మా తాత జహనుమా దాటి వచ్చి, ఈ చెరువు కట్ట కింద కొట్టం వేశాడట. ఆయన వెనక ఇంకో పదిళ్ల వాళ్లు వచ్చారు. నాకు ఊహ తెలిసేనాటికి తాత లేడు గానీ, కట్ట కింద ఒక చిన్న బస్తీ తయారై ఉంది. సగం ఇళ్లు మావి, సగం ఇళ్లు జరీ పని చేసే ముస్లిం కుటుంబాలవి. తెల్లవారేసరికి మా వైపు నుంచి పేడ, పచ్చిగడ్డి, నానబెట్టిన పత్తిగింజల వాసన, వాళ్ల వైపు నుంచి ఉల్లిగడ్డలు వేగే వాసన. రెండూ కలిసిన గాలిలోనే నేను పెరిగాను. ఇప్పటికీ పత్తిగింజల వాసన తగిలితే నాకు ఆకలేస్తుంది.

మా ఇంటికి పెద్ద నాయనమ్మ. ఆమె కళ్లంటే బస్తీలోనే కాదు, గౌలిపుర దాకా పేరు. పాలచుక్కను బొటనవేలి గోరు మీద వేసుకుని, అటు ఇటు వంచి, నీళ్లు కలిశాయా లేదా, కలిస్తే ఎన్ని కలిశాయి అని చెప్పేసేది. ఇరానీ హోటలు మాలికుకు, పాలు పోసేవాళ్లకు లొల్లి వస్తే ఇద్దరూ క్యాను మోసుకుని మా గడపలోకే వచ్చేవాళ్లు. నాయనమ్మ చుక్క చూసి ఒక మాట అనేది, ఆ మాటతో లొల్లి అయిపోయేది. మా బాపు పాలకైనా ఆమె లెక్క అంతే. ఒకసారి పది మందిలో, "నా కొడుకే, గని ఇయ్యాల చెయ్యి జారింది" అంది. బాపు మూడు రోజులు తలెత్తలేదు.

చెరువుకు ఒకప్పుడు నీరటి ఉండేవాడు. తూము ఎత్తడం, దించడం, కట్ట చుట్టూ తిరిగి చూడటం ఆయన పని. ఆయన కాలం చేశాక ఆ పనిలోకి ఇంకెవరూ రాలేదు. బస్తీవాళ్లు ఇరిగేషన్ ఆఫీసుకు తిరిగారు. ఇదిగో వేస్తాం, అదిగో వేస్తాం అన్నారు. రెండు వానకాలాలు అట్లాగే గడిచాయి. చివరికి పెద్దమనుషులంతా వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. పాలలో నీళ్లు కనిపెట్టేదానివి, నీళ్లలో మట్టి కనిపెట్టలేవా అన్నారు. నాయనమ్మ కాసేపు బెట్టు చేసి ఒప్పుకుంది. లోలోపల మస్తు సంతోషపడిందని నాకు తెలుసు, ఆ రోజు ఇంట్లో సేమియా పాయసం వండింది.

నీరటి తాత బతికుండగా ఆమెకు చెప్పిన సంగతి ఒకటే. మట్టి కట్టకు చెమట పట్టడం మామూలు, ఆ చెమటలో మట్టి రావద్దు. మట్టి వస్తోందంటే కట్ట లోపలి నుంచి కరుగుతోందని అర్థం. అందుకని నాయనమ్మ రోజూ పొద్దున్నే ఇరానీ చాయ్ గాజు గ్లాసొకటి పట్టుకుని ఊట దగ్గరికి వెళ్లేది. గ్లాసు నింపి తెచ్చి అరుగు మీద పెట్టేది. పాలు పోసిరావడం అయ్యేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోవద్దు. తర్వాత ఎండ వైపు ఎత్తి చూసి, నీళ్లు మెల్లగా వంచేసి, అడుగున వేలు పెట్టి రుద్దేది. వేలికి ఏమీ తగలకపోతే, "తేటనే" అనేది. ఆ ఒక్క మాట బస్తీలో ఇల్లిల్లూ తిరిగేది. ఆ తర్వాతే ఆడవాళ్లు పొయ్యి ముట్టించేవాళ్లని చెప్పను గానీ, మాట రాకపోతే ఎవరో ఒకరు వచ్చి అడిగేవాళ్లు.

కట్ట విషయంలో ఆమె మా పిల్లల ప్రాణం తీసేది. మేం గోనెసంచి మీద కూర్చుని కట్ట పైనుంచి కిందికి జారేవాళ్లం. పట్టుబడితే వీపు పగిలేది. "గడ్డి పోతే మన్ను పోతది, మన్ను పోతే మనం పోతం" అని తిట్టేది. ఎండ్రకాయల బొర్రెల్లో పుల్లలు పెట్టి ఆడుకుంటుంటే మా చేతనే బంకమట్టి పిసికించి ఆ బొర్రెలు మూయించేది. వానలు తగ్గాక బస్తీ మొత్తం ఒక రోజు కట్ట మీద మొలిచిన తుమ్మ మొక్కల్ని వేళ్లతో సహా పీకేది. చెట్టు పెద్దదైతే వేళ్లు కట్టలోకి దిగి, అవి ఎండాక నీళ్లకు దారి దొరుకుతుందని భయం. ఆ రోజు పిల్లలందరికీ ఉడకబెట్టిన మక్కబుట్టలు. నేను ఒక చేత్తో మొక్క పీకుతూ ఇంకో చేత్తో మక్కలు తినేదాన్ని.

ఒక ఏడు వానకాలంలో నాయనమ్మకు మోకాళ్లు వాచాయి. ఊట మా ఇంటికి దూరం, కట్ట రెండో కొసన. వానకు దారంతా బురద, దానికి తోడు తుమ్మ ముళ్లు. అందుకని గ్లాసు నా చేతికి వచ్చింది. నాకప్పుడు తొమ్మిదో పదో ఏళ్లు. మొదటి వారం మహారాణిలాగా వెళ్లి వచ్చాను. బస్తీ అంతా నా చేతిలో గ్లాసు వైపే చూస్తోందని నా గర్వం.

దారిలో నా దోస్తు ఇల్లు. వాళ్ల నాయన జరీ పని చేసేవాడు, మేమంతా చాచా అనేవాళ్లం. వాళ్లింట్లో వానరోజుల్లో పొద్దున పూట ఖిచిడీ, ఖట్టా చేసేది చాచీ. చింతపండు పులుసులో నువ్వుల పొడి కలిపి, ఎండుమిరపకాయల పోపు పెడితే ఆ వాసన కట్ట మీదికి కొట్టేది. ఒక రోజు గడపలో ఆగాను. చాచీ పళ్లెం ముందు పెట్టింది. వేడి ఖిచిడీ, చల్లటి ఖట్టా, పైన కాల్చిన అప్పడం. తిని లేచేసరికి బయట జోరు వాన. వాళ్లింటి ముందే నల్లా. ఊట దాకా పోవడానికి కాళ్లు రాలేదు. నల్లా కింద గ్లాసు పెట్టి నింపుకుని, కాసేపు ఆగి ఇంటికి వెళ్లాను.

ఎండ లేకపోయినా నాయనమ్మ ఎప్పటిలాగే వెలుతురుకు ఎత్తి చూసింది, అడుగు రుద్దింది, "తేటనే" అంది. ఇంత సులువా అనిపించింది. రెండో రోజూ అదే చేశాను, మూడో రోజూ అదే చేశాను. మూడో రోజయితే ఖట్టా రెండుసార్లు వేయించుకున్నాను.

ఆ మూడు రోజులూ వాన ఆగలేదు. చెరువు నిండి అలుగు దూకుతోంది. మూడో రోజు మధ్యాహ్నం బస్తీవాళ్లు మా అరుగు మీద చేరారు. పిల్లలను తీసుకుని గౌలిపురలో చుట్టాల ఇళ్లకు పోదామని కొందరు మూటలు కూడా కట్టారు. నాయనమ్మ ఆ రోజు వంచెయ్యకుండా ఉంచిన గ్లాసు అందరి ముందూ ఎత్తి చూపించింది.

"గింత వానల గుడ ఊట ఎట్లున్నదో చూడుండ్రి. నిన్నటికంటె తేటగున్నది. ఎక్కడికి పోతరు ఈ వానల పిల్లల్ని పట్టుకోని? నా మాట మీద నిమ్మలంగ పండుండ్రి."

మూటలు విప్పేశారు. నేను తలుపు చాటున నిలబడి వింటూనే ఉన్నాను. అప్పుడే చెప్పి ఉండవలసింది. వీపు గుర్తొచ్చి ఊరుకున్నాను.

నాలుగో రోజు పొద్దున చాచీకి జ్వరం, పొయ్యి వెలగలేదు. నల్లా కూడా రాలేదు, అది రాకపోవడం మాకు అలవాటే. ఇక దారి లేక బురదలో పడి ఊట దగ్గరికి వెళ్లాను. ఊట రెండింతలైంది. నీళ్లు చాయ్ రంగులో ఉన్నాయి. అవి ఉబికే చోట చుట్టూ మెత్తటి మట్టి గుండ్రంగా పేరుకుని ఉంది. కట్ట లోపలి మన్ను అది. చూడగానే నాకు అర్థమైంది. గ్లాసు నింపుకుని ఉరికాను. ఇంటికి చేరేసరికి సగమే మిగిలింది.

నాయనమ్మ ఆ గ్లాసును అరుగు మీద పెట్టనే లేదు. వేలు ముంచి రుద్ది చూసి, మోకాళ్ల సంగతి మరిచిపోయి లేచింది. బాపును సైకిలు మీద ఆఫీసుకు తోలింది. నా భుజం పట్టుకుని ఊట దాకా నడిచింది. బస్తీ అంతా మా వెనకే వచ్చింది. బాపు గంటన్నరకు తిరిగి వచ్చాడు, వెనకే జీపులో ఇంజినీరు సారు వచ్చాడు. సన్నగా, తడిసిన కాకిలా ఉన్నాడు. అప్పటికే ఆయన ఎన్ని చెరువులు తిరిగి వచ్చాడో పాపం. కూర్చుని చేత్తో మట్టి తీసి చూసి, "ఎప్పటి నుంచి ఇట్లా వస్తోంది?" అని అడిగాడు.

"నిన్నటి దాక తేటనే ఉండె సారు. నేనే చూసిన" అంది నాయనమ్మ.

"బాగా గుర్తు చేసుకోండమ్మా. ఇవాళే మొదలైతే లోపల సందు చిన్నది. ఇక్కడ అడ్డుకుంటే సరిపోతుంది. రోజుల తరబడి మన్ను పోతుంటే మాత్రం కట్ట లోపల గుల్ల పడి ఉంటుంది. అప్పుడు తూము మొత్తం ఎత్తి చెరువు దించాలి, కింద ఒక్క మనిషిని ఉంచకూడదు. నేను చేసేదంతా మీరు చెప్పేదాని మీద ఉంది."

నాయనమ్మ నోరు తెరవబోయింది. ఆమె ఏమనబోతోందో నాకు తెలుసు. కొంగు పట్టి గుంజాను. వంగితే ఆమె చెవిలో చెప్పాను. "నాయనమ్మా, మూడు దినాలు నేను నల్లా నీళ్లు తెచ్చిన."

ఆమె నా వైపు చూసింది. కోపం లేదు, ఆశ్చర్యం కూడా ఎక్కువసేపు లేదు. భుజం మీదున్న చెయ్యి గట్టిగా బిగుసుకుంది. తర్వాత తలెత్తి ఇంజినీరుతో మాట్లాడింది.

"సారు, నా మాట వట్టుకోకుండ్రి. నా కండ్లు మసకబట్టినయ్. మూడు నాలుగు దినాల సంది సక్కగ కనవడ్తలేదు, చెప్పుకోనీకి సిగ్గయ్యి ఊకున్న. మట్టి ఎన్నడు మొదలైందో నాకు తెల్వది. నాలుగు దినాలనుకోనే పని చెయ్యుండ్రి."

బాపు వాళ్లమ్మను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. మా వెనకింటి పిన్నికి మాత్రం ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. "నీ మాట మీద పిల్లల్ని పండవెట్టుకుంటిమి గదనే అత్తా. మూటలు గుడ ఇప్పితిమి గదనే" అంది. నాయనమ్మ ఆ మాట పడింది. నేను ఆమె చెయ్యి కింద అట్లాగే నిలబడ్డాను.

ఇంజినీరు ఇక ఆలోచించలేదు. పిల్లలను, ముసలివాళ్లను మిట్ట మీదున్న బడిలోకి పంపించాడు. బర్రెలను కూడా అటే తోలారు. నీరటి పోయినప్పటి నుంచి తూమును ఎవరూ ముట్టుకోలేదు, తుప్పు పట్టి కదలలేదు. నలుగురు మగవాళ్లు గడ్డపార వేసి ఎత్తితే గానీ నీళ్లు కాలువలోకి దుమకలేదు. నేను బడికి పోలేదు, నాయనమ్మ నా భుజం వదలలేదు.

ఇటు ఊట దగ్గర ఇంకో తకరారు. మావాళ్లు గోనెసంచుల్లో బంకమట్టి కుక్కి ఊట నోట్లో దిగ్గొట్టబోయారు. ఇంజినీరు అడ్డం పడ్డాడు. నీళ్లను ఆపకూడదు, మన్నును ఆపాలి, ముందు ఇసుక, దాని మీద సన్న కంకర, ఆ పైన రాళ్లు పొయ్యాలి అని గొంతు పోయేలా చెబుతున్నాడు. ఎవరికీ ఎక్కడం లేదు. నీళ్లు కారుతుంటే మూయొద్దంటాడేంది ఈయన అని బాపు కూడా గొణిగాడు.

అప్పుడు నాయనమ్మ గొంతు లేచింది. "పాలు వడవోసేటప్పుడు గుడ్డ కడ్తమా, మూత వెడ్తమా? సారు చెప్పేది గదే. ఇసుకె గుడ్డ. నీళ్లు పోవాలె, మన్ను ఆగాలె. మూత పెడ్తే ఇంకో దిక్కు పగుల్తది."

"కండ్లు కనవడనామె చెప్తే ఇనాల్నా ఇప్పుడు?" అన్నారు ఎవరో వెనక నుంచి. పాలవాళ్ల బస్తీలో ఆమెతో అట్లా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. చాచా మాత్రం వెంటనే కదిలాడు. ఇంటి పక్కన ఒక గది వేసుకుందామని ఇసుక, కంకర పోయించి పెట్టుకున్నాడాయన.

"సహీ బాత్ బోల్‌రై అమ్మీ, అమ్మ మాట నిజం. నా ఇసుక ఉన్నది, తీస్కోండి. గది మల్ల కడ్తా, ముందు కట్ట ఉండాలె" అన్నాడు.

తట్టలు వరసగా చేతులు మారాయి. ఆడా మగా, పాలవాళ్లు, జరీవాళ్లు, ఎవరు ఎవరికి అందిస్తున్నారో చూసుకోలేదు. నాయనమ్మ రాయి మీద కూర్చుని ఇసుక ఎక్కడ పలచబడిందో చెబుతూనే ఉంది. కొందరు విన్నారు, కొందరు విననట్టు నటించి అదే చేశారు. పొద్దు వాలే వేళకు చెరువు జానెడు దిగింది. ఊట సన్నబడింది. రాళ్ల మధ్య నుంచి వచ్చే నీళ్ల రంగు మారింది. ఇంజినీరు మా గ్లాసుతోనే నీళ్లు పట్టి వెలుతురుకు ఎత్తాడు, తర్వాత అడుగు రుద్ది చూడమని గ్లాసు బాపు చేతికి ఇచ్చాడు. నాయనమ్మ పక్కనే ఉంది. ఆమె చెయ్యి కొంచెం ముందుకు వచ్చి, మళ్లీ ఒళ్లోకి పోయింది.

"తేటనే" అన్నాడు బాపు.

కట్ట నిలిచింది. గుల్ల చాలా లోపలి దాకా పోయిందని, నీళ్లు దించకపోయి ఉంటే ఆ సాయంత్రం గడిచేది కాదని తర్వాత కట్ట తవ్వి బాగుచేసినప్పుడు ఇంజినీరు బాపుతో అన్నాడట. చాచా గదికి మళ్లీ ఇసుక బస్తీవాళ్లే తలా కొంత పోగేసి తెచ్చారు. ఆఫీసువాళ్లు కొత్త నీరటిని కూడా వేశారు. అన్నీ సర్దుకున్నాయి.

నాయనమ్మ సంగతి మాత్రం సర్దుకోలేదు. పాల లొల్లి వస్తే మా గడపలోకి వచ్చేవాళ్లు రావడం మానేశారు. ఇరానీ హోటలు మాలికు ఎక్కడి నుంచో పాలలో నీళ్లు కొలిచే గాజు గొట్టం మీటరు తెప్పించుకున్నాడు. ఒకసారి బజారులో ఎదురుపడి, "కండ్లు ఎట్లున్నయమ్మా?" అని మర్యాదగానే అడిగాడు. "గట్లనే ఉన్నయ్ భాయ్" అని ఈమె నవ్వింది. ఇంటికి వచ్చాక చాలాసేపు బర్రె వీపు నిమురుతూ కొట్టంలోనే ఉండిపోయింది.

నాకు అన్నం సయించలేదు. ఒక రోజు పేడ ఎత్తుతుంటే ఆమె పక్కన కూర్చుని, "నేను అందరికి చెప్తా నాయనమ్మా" అన్నాను.

"చెప్తే ఏమొస్తది? నువ్వు పెండ్లయి పోయేదాక అబద్ధాల పిల్లవంటరు. ఆడివిల్లకు గా పేరు పోదు. నేను ముసల్దాన్ని, నా కండ్లు పోతే ఎవ్వరికి వింత గాదు" అంది. తర్వాత తట్ట నా నెత్తికి ఎత్తుతూ, "ఇంకోసారి గట్ల జెయ్యకు" అంది. నాకు పడిన శిక్ష మొత్తం అంతే. వీపు పగిలినా బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

ఆమె ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. పాత చీరలు పొరలు పొరలుగా పేర్చి బొంతలు కుట్టడం ఆమె అలవాటు. ఇంట్లో ఎవరైనా ఉన్నారంటే సూది, దారం నాకిచ్చి, "ఎక్కియ్యి బిడ్డా, నాకు కనవడదు" అనేది. నేను ఎక్కించి ఇచ్చేదాన్ని. చుట్టాలు అయ్యో పాపం అనేవాళ్లు. వాళ్లంతా వెళ్లిపోయి మేమిద్దరమే మిగిలినప్పుడు, దారం కొస నాలుకతో తడిపి, దీపం కూడా దగ్గరికి జరుపుకోకుండా, మొదటిసారికే సూదిలోకి ఎక్కించుకునేది. నా వైపు చూసేది కాదు. తల వంచుకుని కుట్టుకుంటూ పోయేది.